రెండో చరణం ఎక్కడికి పోయింది?

సంపాదకులకు నమస్కారాలు.

ఒక్క రాత్రి పరిచయాల పాటలు మన సంస్కృతి కాదని, వాటిని ఆపించాలని కొన్నాళ్ళుగా మీ లేఖల పేజీలో పాఠకులు రాస్తున్నారు. వాళ్ళ బాధ మాకు తెలుసు. పెళ్ళి ఊరేగింపు నుంచి పిల్లల పుట్టినరోజు దాకా ఎక్కడికెళ్ళినా "పేరొద్దు, రేపొద్దు, ఈ రాత్రి చాలు" అనే పాటలే మోగుతుంటే ఎవరికైనా విసుగొస్తుంది. కానీ నొప్పి ఒకచోట ఉంటే కట్టు ఇంకోచోట కడుతున్నారనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాం. మేం చెన్నైలో వడపళని, సాలిగ్రామం చుట్టుపక్కల తమిళ, హిందీ పాటలకు తెలుగు సాహిత్యం కూర్చేవాళ్ళం. మాలో ఒకరిద్దరు పదాలు, జావళీలు (నాయికా నాయకుల మీద కట్టిన పాతకాలపు శృంగార గీతాలు) నేర్పేవాళ్ళు కూడా ఉన్నారు.

ముందుగా "మన సంస్కృతి కాదు" అన్న మాట గురించి. బంధం వద్దనుకునే మగవాణ్ణి మన అలంకారశాస్త్రం ఏనాడో పట్టుకుంది. నాయకుల్ని నాలుగు రకాలుగా విడదీసింది. ఒక్కతెనే నమ్ముకున్నవాడు అనుకూలుడు. పదిమందితో ఉండి పదిమందినీ సమంగా చూసుకునేవాడు దక్షిణుడు. ఎదురుగా తియ్యగా మాట్లాడి చాటున ద్రోహం చేసేవాడు శఠుడు. దొరికిపోయినా సిగ్గుపడనివాడు ధృష్టుడు. ఈనాటి పాటల్లో కళ్ళజోడు పెట్టుకుని "నన్ను కట్టెయ్యకు" అని పాడేవాడు ఈ చివరి ఇద్దరిలో ఒకడు. ఆడవాళ్ళ వైపు కూడా అంతే. రమ్మన్న చోటికి అతను రాకపోతే విప్రలబ్ధ, తెల్లారాక ఇంకొకరి గుర్తులతో వస్తే ఖండిత, తిట్టి పంపేశాక తనే కుమిలిపోతే కలహాంతరిత. సొమ్ము తీసుకుని ప్రేమించే స్త్రీని కూడా "సామాన్య" అని పేరుపెట్టి లెక్కలోకి తీసుకున్నారు, దాచలేదు.

మువ్వ గ్రామం నుంచి బయల్దేరిన క్షేత్రయ్య 17వ శతాబ్దంలో కట్టిన పదాల్లో ఈ మనుషులందరూ ఉన్నారు. ఆ పదాలు ఇవాళ్టిదాకా బతికి ఉన్నాయంటే సగం పుణ్యం ఈ ఊరిదే. జార్జిటౌన్‌లోని వీణ ధనమ్మాళ్ ఇంట్లో తరం తర్వాత తరం వాటిని పట్టుకుని ఉన్నారు. ఆమె మనవరాలు, నర్తకి బాలసరస్వతి వాటికి అభినయం పట్టేవారు. ఆమెకు 1973లో, మరో మనవరాలు, గాయని బృందమ్మకు 1976లో మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది. రాత్రి వచ్చి పొద్దున వెళ్ళిపోయేవాడి మీద కట్టిన పాటలకు ఈ ఊరు ఇచ్చిన గౌరవం అది.

నిషేధం ముచ్చట కూడా ఈ ఊరికి కొత్త కాదు. కవయిత్రి ముద్దుపళని రాసిన రాధికా సాంత్వనమనే శృంగార కావ్యాన్ని బెంగుళూరు నాగరత్నమ్మ పరిష్కరించగా 1910లో ఇక్కడి వావిళ్ళవారు అచ్చువేశారు. అశ్లీలమని కొందరు పెద్దలు గొడవ చేశారు, ప్రభుత్వం పుస్తకాన్ని నిషేధించింది. ముప్పై ఏళ్ళు దాటాక, టంగుటూరి ప్రకాశం ఈ రాష్ట్ర ప్రభుత్వాన్ని నడిపిన రోజుల్లో గాని ఆ ఆంక్ష తొలగలేదు. అన్నేళ్ళూ ఒక ఆడమనిషి రాసిన మంచి తెలుగు మనకు చదవడానికి దొరకలేదు. నిషేధం కోరేవాళ్ళు ఈ సంగతి ఒక్కసారి తలుచుకోవాలి.

అయితే నేటి పాటల్లో లోపం లేదా? ఉంది, చాలా ఉంది. పదంలో మాట్లాడే మనిషి ఎవరో తెలుస్తుంది, ఎవరితో మాట్లాడుతోందో తెలుస్తుంది, అప్పటికి పొద్దు ఎంతయిందో తెలుస్తుంది. సఖితో చెబుతోందా, నేరుగా అతనితోనే అంటోందా, మధ్యలో పిల్లగాడెవడైనా కబురు మోస్తున్నాడా అన్నది మొదటి పంక్తిలోనే తేలిపోతుంది. మిశ్రచాపు తాళంలో నెమ్మదిగా నడిచే ఒక్క పంక్తిని నిమిషాల తరబడి తిప్పి తిప్పి పాడతారు, ప్రతి తిప్పుకీ ఒక కొత్త భావం పడుతుంది. అతను వెళ్ళిపోయాడన్నది ఒక్క మాటే. ఆ మాట మొదటిసారి కోపం, రెండోసారి అవమానం, మూడోసారి ఎదురుచూపు. ఇప్పటి పాటలో ఎదుటి మనిషి స్థానంలో "బేబీ" ఉంటుంది. బేబీకి ఊరు లేదు, పేరు లేదు, తిరిగి చెప్పే మాట లేదు. కాబట్టి బంధం వద్దన్న మాటకి బరువు కూడా లేదు, వద్దనడానికి ఎదుట ఒక మనిషంటూ ఉండాలి కదా.

ఇలా ఎందుకైందో రాసేవాళ్ళ నీతిలో వెతికితే దొరకదు. పనిలో వెతకాలి.

సినిమా పాటకి పల్లవి తర్వాత రెండు చరణాలు ఉండేవి, ఒక్కోసారి మూడు. మొదటి చరణంలో కలుసుకుంటే రెండోదానిలో ఆ తర్వాతి సంగతి వచ్చేది. రాత్రి గురించి రాసిన పాటలో తెల్లారడానికి చోటు రెండో చరణమే. ఇప్పుడు ఆ చోటు కొట్టేశారు. స్పాటిఫైలో 30 సెకన్లు వింటేనే ఒక పాట విన్నట్టు లెక్క. అందుకని వినేవాడు దాటిపోకుండా హుక్ లైన్‌ని, అంటే చెవిని పట్టేసే పంక్తిని, ముందుకి లాగుతారు. ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ మన దేశంలో 2020 జూలైలో మొదలైనప్పుడు ఒక్కోటి 15 సెకన్లే. ఇప్పుడు నిడివి పెరిగినా 15 సెకన్ల ముక్క అలవాటు పోలేదు. నిమిషానికి 128 దెబ్బల డాన్స్ బీటు తీసుకోండి. నాలుగు దెబ్బలకో ఆవృతం చొప్పున 8 ఆవృతాలు, అంటే 32 దెబ్బలు, సరిగ్గా 15 సెకన్లు. మాత్ర అంటే పొట్టి అక్షరం (లఘువు) పలికేంత సేపు, నిడుపు అక్షరానికి (గురువు) రెండు మాత్రలు. ఆవృతానికి 8 మాత్రలు పడతాయి, మొత్తం 64 మాత్రలు. ఆ 64 మాత్రల్లో అమ్మాయి నచ్చాలి, దగ్గరవ్వాలి, రేపు అడగొద్దనాలి. నిజంగానే ఇరుకు. రాసేవాడు ముందు వదిలేసేది తెల్లారిన సంగతినే.

రెండో కారణం బాణీ. సంగీత దర్శకుడు ట్రాక్‌ని డమ్మీ మాటలతో పాడి పంపిస్తాడు. ఒకప్పుడు తననాలు, లలలాలు ఉండేవి, ఇప్పుడు ఎక్కువగా ఇంగ్లీషు ముక్కలు: లవ్, నైట్, టచ్, హీట్. ఇవన్నీ హల్లుతో ఆగే మాటలు. మాట ఆగినచోట బీటుకి ఖాళీ వస్తుంది, ఆ ఖాళీలోనే డ్రమ్ దెబ్బ పడుతుంది. తెలుగు అజంత భాష, మన మాట అచ్చుతో ముగుస్తుంది. "నైట్" ఉన్నచోట "రాత్రి" పెడితే చివరి ఇకారం వెళ్ళి ఆ ఖాళీలో పడుతుంది, దెబ్బ మసకబారుతుంది. విన్నవెంటనే "సౌండ్ తగ్గింది, పాతదే ఉంచండి" అంటారు. అలా పంక్తి చివర, అంటే చెవికి అన్నిటికంటే గట్టిగా తగిలే చోట, ఇంగ్లీషు మాట కూర్చుండిపోతుంది. ఈ భావానికి వాడుకలో ఉన్న ఇంగ్లీషు మాటలు నాలుగైదే కాబట్టి అన్ని పాటలూ ఒకే పాటలా వినబడతాయి.

దీనికి దారి లేకపోలేదు. సున్నతో ముగిసే మాటలు వాడవచ్చు: మౌనం, దూరం, సమయం. మకారం దగ్గర పెదవి మూసుకుంటే బీటుకి కావలసిన ఆగడం దొరుకుతుంది. లేదంటే ఖాళీని అరదెబ్బ వెనక్కి జరపమని సంగీత దర్శకుణ్ణి అడగాలి. అడిగితే చాలామంది జరుపుతారు. ట్రాక్ లాకైపోయాక మాత్రం ఎవరూ కదిలించరు, అందుకే అడగడం మొదటి రోజే జరగాలి.

డబ్బింగ్ పాటలో ఇంకో చిక్కు ఉంది, ఇది బయటివాళ్ళకి తెలియదు. క్లోజప్‌లో పాడే మనిషి పెదవులు ఎక్కడ కలిస్తే అక్కడ మనకి ప, ఫ, బ, భ, మలలో ఒక అక్షరం పడాలి. పెదవి కలవనిచోట ఇవి పడకూడదు. లాంగ్ షాట్‌లో ఎవరూ పట్టించుకోరు గానీ మొహం తెర నిండా ఉన్నప్పుడు తేడా చిన్నపిల్లలకి కూడా తెలిసిపోతుంది. తమిళంలో ప్రేమని "కాదల్" అంటారు. రెండు గురువులు, నాలుగు మాత్రలు, ఎక్కడా పెదవి కలవదు. మన "ప్రేమ" మూడు మాత్రలే, పైగా పెదవులు రెండుసార్లు కలుస్తాయి. "వలపు" కూడా మూడే, చివర్లో పెదవి మూసుకుంటుంది. అప్పుడు చేతికి అందేది "కోరిక". గురువు, రెండు లఘువులు, నాలుగు మాత్రలు, పెదవి కలవదు, ఓకారానికి కాస్త గుండ్రమవుతుందంతే. లెక్క కుదిరింది, పెదవి కుదిరింది, రికార్డింగ్ అయిపోయింది. కానీ తమిళంలో ప్రేమ గురించి పాడిన మనిషి తెలుగులో కోరిక గురించి పాడుతున్నాడు. తెలుగులోకి వచ్చేసరికి పాట చవకబడిందని మీ పాఠకులు అనేది కొన్నిచోట్ల ఇందువల్లే. పంక్తి మొత్తాన్ని విప్పి, ప్రేమ అన్న మాటని నాయకుడి మొహం కనపడని షాట్‌లోకి జరిపితే ఈ నష్టం తప్పుతుంది. దానికి ఇంకో పూట పని కావాలి. సాయంత్రానికి పాట పాడించాలంటే ఆ పూట దొరకదు.

హిందీ నుంచి వచ్చే పాటల్లో "హమ్" మరో పరీక్ష. మనకి "మనం" వేరు, "మేము" వేరు. తమిళానికి కూడా నామ్, నాంగళ్ ఉన్నాయి కాబట్టి అక్కడ ఇబ్బంది లేదు. హిందీలో రెండింటికీ ఒకటే మాట, ఒక్కోసారి "నేను" అనడానికి కూడా అదే. బంధం ఇష్టపడని మనిషి పాటలో ఈ "హమ్"ని ఆలోచించకుండా "మనం" అని దించితే కథే మారిపోతుంది. ఎదుటివాళ్ళని కలుపుకునే మాట "మనం". అది నోట వచ్చిందంటే సగం మాట ఇచ్చినట్టే. ఇంత పదునైన సాధనం చేతిలో ఉంచుకుని "నో కమిట్‌మెంట్" అని అరువు తెచ్చుకోవడం మాకు నిజంగా బాధగా ఉంటుంది.

తప్పించుకోవడానికి తెలుగులో లేని మాటా? పిల్లనిచ్చేవాళ్ళతో, అప్పడిగినవాళ్ళతో, ప్రేమించానన్నవాళ్ళతో మనం రోజూ వాడేది "చూద్దాం". కుదరదని కాదు, కుదురుతుందనీ కాదు. చివర "లే" తగిలిస్తే ఇంకాస్త దూరం: "చూద్దాంలే". విచిత్రమేమిటంటే ఈ మాటలోనే "మనం" దాక్కుని ఉంది, ఇద్దరం కలిసి చూద్దామనే కదా అర్థం. తప్పించుకునేవాడు కూడా ఎదుటి మనిషిని కలుపుకునే తప్పించుకుంటాడు. ఇక సెలవు తీసుకునే మాట. తెలుగింట్లో గడప దాటుతూ "వెళ్తున్నా" అంటే పెద్దవాళ్ళు ఊరుకోరు, "వెళ్ళొస్తా" అనాలి. తమిళంలో "పోయిట్టు వరేన్" కూడా అంతే. అంటే మన మర్యాద ప్రకారం విడిపోయే ప్రతిసారీ తిరిగి వస్తానని మాట ఇచ్చే వెళ్తాం. ఒక్క రాత్రి పరిచయం తర్వాత తలుపు దగ్గర నిలబడ్డ ఇద్దరికి ఈ మాట ఎంత ఇబ్బంది పెడుతుందో ఊహించండి. "వస్తా" అంటే అబద్ధం, "పోతా" అంటే అశుభం. ఈ ఇబ్బందిలో ఒక మంచి పాట ఉంది.

15 సెకన్లలో కుదరదంటారేమోనని ఇక్కడే ఒక మచ్చు కట్టి చూపిస్తున్నాం. అదే 128 బీటు, ఆవృతానికి 8 మాత్రలు, నాలుగూ నాలుగుగా విరుగుతాయి:

పేరెందుకులే తెల్లారిందని
చెప్పులు వెతికీ చెప్పక పోతా
చూద్దాంలే అని చూశావేమో
తలుపే వేయక నే నిలుచున్నా

మొదటి రెండు పంక్తులు వెళ్ళిపోయే మనిషివి, తర్వాతి రెండు ఉండిపోయే మనిషివి. వేలు మడిచి లెక్కపెట్టుకోండి: పే-రెం నాలుగు, దు-కు-లే నాలుగు, తె-ల్లా నాలుగు, రిం-ద-ని నాలుగు. "వెతికి"ని "వెతికీ" అని ఒక మాత్ర లాగాం, పాటలో అంత చనువు ఎప్పుడూ ఉన్నదే. నాలుగు పంక్తులకి 64 మాత్రలు, 15 సెకన్లు. ఇద్దరు మనుషులున్నారు, తెల్లారింది, "వస్తా" అనాల్సిన చోట ఒకరు "పోతా" అన్నారు, రెండోవారు తలుపు వెయ్యలేదు. వెళ్ళేది అబ్బాయా, అమ్మాయా అన్నది కావాలనే చెప్పలేదు. "నేను" అని చెప్పుకునే ఉత్తమ పురుష క్రియలో మన భాషకి లింగభేదం లేదు, ఏ గొంతుతో పాడిస్తే ఆ కథ. గొప్ప సాహిత్యమని మేం అనడం లేదు. ఈ కొలతలో మనిషి పడతాడని చూపించడానికే.

రెండో చరణం ఎలాగూ రాదనుకున్నప్పుడు పనికొచ్చే ఇంకో పద్ధతి సఖిని తిరిగి తీసుకురావడం. పదాల్లో సఖి ఊరికే లేదు, జరిగింది వినడానికి ఒక చెవి కావాలి కాబట్టి ఉంది. ఇప్పటి అమ్మాయి పొద్దున ఆటోలో కూర్చుని స్నేహితురాలికి పంపే వాయిస్ మెసేజ్ అదే పని చేస్తుంది. పాటని అక్కడ మొదలుపెడితే రాత్రి సంగతి దానంతటదే వెనక్కి జరిగి జ్ఞాపకమవుతుంది, జ్ఞాపకమైందంటే దానికి మంచో చెడో ఒక విలువ వచ్చేస్తుంది. జావళి మధ్యమ కాలంలో, అంటే మధ్యస్థ వేగంలో, ఖమాస్ రాగంలోనో కాపీ రాగంలోనో హుషారుగా పరుగెత్తుతూ కూడా ఈ పని చేసేది, కాబట్టి బీటు వేగాన్ని తప్పుపట్టడానికి లేదు.

మీ పాఠకులు రెండు వేర్వేరు రకాల పాటల్ని ఒకే గాటన కడుతున్నారన్నది మా అసలు అభ్యంతరం. ఇద్దరూ ఒప్పుకుని ఒక రాత్రి కలిసి, బంధం వద్దనుకున్నారని చెప్పే పాట ఒకటి. వద్దన్న అమ్మాయి వెంటపడి, దారికి అడ్డం నిలబడి, చివరికి ఆమె నవ్విందని చెప్పే పాట ఇంకొకటి. ఈ రెండోదాన్ని మనం దశాబ్దాలుగా ప్రేమ పాట అని ముద్దు చేస్తున్నాం. దానిలో పెళ్ళి మాట ఉంటుంది, ఏడు జన్మలుంటాయి, తాళి ఉంటుంది, అందుకని ఇంట్లో అందరూ కలిసి వింటారు. కానీ ఆమె ఒప్పుకోలేదు. మా లెక్కలో ఆపించాల్సిన పాటంటూ ఉంటే ఇదే. పాట సాహిత్యం చేతికొచ్చినప్పుడు చూడాల్సింది కమిట్‌మెంట్ ఉందా లేదా అని కాదు, రెండో మనిషి "ఊ" అన్న చోటు ఎక్కడుందని. అది ఒక్క అక్షరం, రెండు మాత్రలు. ఏ బాణీలోనైనా ఇముడుతుంది. దాన్ని వినిపించకుండా వదిలేయడానికి బాణీని సాకు చూపకూడదు.

సెన్సార్ గురించి రెండు మాటలు. సినిమాలోని పాట 1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం కింద సినిమాతోపాటు పరిశీలనకి వెళ్తుంది. 2023 సవరణతో యూఏ సర్టిఫికెట్‌లో (పిల్లలు పెద్దల తోడుతో చూడదగ్గ సినిమాలకిచ్చేది) 7, 13, 16 ఏళ్ళ మెట్లు కూడా వచ్చాయి. కానీ లిరికల్ వీడియో సినిమాకి ముందే యూట్యూబ్‌లోకి వచ్చేస్తుంది, విడి ఆల్బమ్ పాట అసలు ఆ గడప తొక్కదు. థియేటర్లో ఒక మాట మింగేయించినా ఫోన్లో అది అలాగే ఉంటుంది. ఈ దారిన వెళ్ళి ఎవరూ ఏమీ సాధించలేరు.

చెన్నై తెలుగువాళ్ళకి ఈ విషయం మరికాస్త దగ్గరిది. 2006 చట్టం వచ్చాక ఇక్కడి బడుల్లో తమిళం తప్పనిసరైంది, తెలుగు చదివే పిల్లలు తగ్గారు. చాలా ఇళ్ళలో పిల్లల చెవిన పడే తెలుగు రెండే రెండు చోట్ల నుంచి: అమ్మమ్మ నోట, పాట నోట. "చూద్దాంలే"కీ "కుదరదు"కీ మధ్య ఎంత దూరముందో, "మేము" అనాల్సిన చోట "మనం" అంటే ఏం జరుగుతుందో పాట చెప్పకపోతే వాళ్ళకి చెప్పేవాళ్ళు తక్కువ. ప్రేమ, వలపు, మోహం, మక్కువ, ఇష్టం, కోరిక, తోడు: ఇన్ని మెట్లున్న భాష వాళ్ళ దగ్గరికి "ఫీలింగ్" అన్న ఒక్క మాటగా చేరుతోంది.

మీకు ఒక మనవి. మీ ఆదివారం సినిమా పేజీలో కొత్త పాట సాహిత్యం వేసేటప్పుడు పల్లవితో ఆపకుండా చరణాలన్నీ వేయండి. రచయిత పేరు పాడినవాళ్ళ పేరు పక్కనే, అదే సైజు అక్షరాల్లో ఉండనివ్వండి. డబ్బింగ్ పాటైతే ఏ భాష నుంచి వచ్చిందో ఒక్క మాట రాయండి. రెండో చరణం లేని పాటైతే "ఒకే చరణం" అని కింద వేయండి, ఎన్ని పాటల కింద ఆ మాట పడుతుందో మీ పాఠకులే చూస్తారు.

ఇట్లు,
పాటల సాహిత్యం పనిలో ఉన్న కొందరం,
సాలిగ్రామం, చెన్నై.